పరిచయం అక్కరలేని వక్త

"ఈనాటి వక్త గారిని ప్రత్యేకంగా పరిచయం చేయవలసిన అవసరం లేదు" అన్నారు కన్వీనర్ గారు మైకు ముందు నిలబడి. అని, జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. చేతిలోని కాగితాలను బల్లకు తట్టి అంచులు సరిచేశారు. నేను రెండో వరుసలో ఉన్నాను కాబట్టి ఆ కాగితాలు లెక్కపెట్టగలిగాను. ఏడు. రెండు వైపులా అచ్చు.

విశ్వవిద్యాలయాల బహిరంగ ఉపన్యాసాలకు వెళ్లే అలవాటున్నవారికి ఈ పరిభాష కొత్త కాదు. "అవసరం లేదు" అంటే అరగంట. "వారి గురించి ఎంత చెప్పినా తక్కువే" అంటే ముప్పావుగంట. "రెండే రెండు ముక్కల్లో ముగిస్తాను" అన్నారంటే ఇంటికి ఫోన్ చేసి, రాత్రికి ఎదురుచూడవద్దని చెప్పుకోవడం ఉత్తమం.

ఆ రోజు అంశం చెట్ల వలయాలు. కాండాన్ని అడ్డంగా కోస్తే కనిపించే గీతలను బట్టి ఏ ఏడు వానలు పడ్డాయో, ఏ ఏడు ఎండగట్టిందో చదివే విద్య. దీనికి దారి వేసినవాడు డగ్లస్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మీద మచ్చల లెక్క తేల్చుకోవాలని బయలుదేరి చెట్ల మధ్యకు వచ్చిపడ్డాడు. ఈ సంగతి నాకు సభలో తెలియలేదు, ఇంటికి వెళ్లాక చదువుకున్నాను. సభలో నాకు తెలిసింది వక్త గారి హైస్కూలు మార్కులు.

కాలక్రమం నమోదు చేయడం చరిత్రకారుడి ధర్మం కనుక చేస్తున్నాను. ఉపన్యాసం నాలుగు గంటలకు. ఉపకులపతి గారు వేంచేసింది 4:25కు. తొమ్మిది మందిని పేరుపేరునా వేదిక మీదికి పిలిచి, పుష్పగుచ్ఛాలిచ్చి, వాటితో పాటు ఫోటోలు తీసి, ఆ గుచ్ఛాలను ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీల కింద పెట్టే సరికి 4:35. స్వాగతోపన్యాసం 4:50 దాకా. అధ్యక్షోపన్యాసం 5:10 దాకా. తరువాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఈ నలుగురికీ తేడా ఏమిటో మామూలు మనుషులకు తెలియదు. ఒకరిని ఇంకొకరి పేరుతో పిలిచినప్పుడు మాత్రం హాలు మొత్తానికి తెలుస్తుంది. వారు ముగించింది 5:22కు. అక్కడి నుంచి 5:49 దాకా, అంటే ఇరవై ఏడు నిమిషాలు, అవసరం లేని పరిచయం. హాలును ఖాళీ చేయవలసింది ఆరింటికి.

వేదికను కూడా అడ్డంగా కోసి చూడవచ్చుననిపించింది. నడిమధ్యన ఉపకులపతి, చుట్టూ డీన్లు, వారి చుట్టూ శాఖాధిపతులు, ఆ చుట్టూ ఎవరిని పిలవకపోతే ఎవరు అలుగుతారో వారు. వక్త ఎక్కడో బెరడు దగ్గర, సగం కుర్చీలో.

ఇక ఆ పరిచయం. వక్త గారు పుట్టారు. ప్రాథమిక విద్య ఎక్కడ, మాధ్యమిక విద్య ఎక్కడ, అక్కడ లెక్కల మాస్టారు ఎవరు. మొదటి కాగితం సజావుగానే నడిచింది. రెండో కాగితం తరువాత మూడోది రావాలి. ఫ్యాను గాలికో, విధివశానో అయిదోది వచ్చింది. దాంతో వక్త గారు ఇంటర్ పాసై, వెంటనే పదవీ విరమణ చేశారు. చప్పట్లు. విరమణ అనంతరం పిహెచ్‌డిలో చేరారు. మరింత చప్పట్లు. పురస్కారం అందుకున్న ఏడాదికి డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాశారు. వేదిక మీద తొమ్మిది మంది ఆచార్యులు, ఎదురుగా నాలుగు వందల మంది శ్రోతలు, ఒక్క కనుబొమ్మ కదలలేదు. ఒక మనిషి జీవితం వెనక నుంచి ముందుకు నడుస్తుంటే గమనించినవాడు నాకు తెలిసి ఒక్కడే, ఆ మనిషి. ఆయన మొదట చిరునవ్వు నవ్వారు. తరువాత తల దించుకున్నారు. తరువాత ఎదురుగా ఉన్న నీళ్ల సీసా తీసుకుని, దాని మీద చీటీని సాంతం చదివారు. చదివి, సీసా తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివారు.

ఆరో కాగితం దగ్గర కన్వీనర్ గారి గొంతు బరువెక్కింది. ఎన్నో ఏళ్ల కిందట ఒక రైలులో వక్త గారు తనకు కిటికీ పక్క సీటు ఇచ్చారట. ఆ సీటులో కూర్చుని తాను ఏమేమి ఆలోచించారో, ఆ ఆలోచనలు తన పరిశోధనను ఎలా మలుపు తిప్పాయో, ఆ పరిశోధనకు తగిన గుర్తింపు ఎందుకు రాలేదో, దాని వెనుక ఉన్న శక్తులు ఏమిటో సవివరంగా చెప్పారు. శక్తులలో ఇద్దరు వేదిక మీదే ఉన్నారు.

నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. నిష్పాక్షికంగా ఆలోచించి లోపం ఎక్కడుందో కనిపెట్టాను. లోపం ఉపన్యాసంలో ఉంది. అంతవరకు సాఫీగా, మంగళప్రదంగా సాగుతున్న సభలో ఉన్నట్టుండి ఎవరో లేచి విషయం మాట్లాడటం మొదలుపెడతారు. దానితో వందన సమర్పణకు ఆలస్యం. ఫోటోలకు వెలుతురు చాలదు. ఇంత నష్టం ఎందుకు? వచ్చే ఏడాది నుంచి ఉపన్యాసాన్ని రద్దు చేసి మిగతా కార్యక్రమాన్ని యథాతథంగా జరపాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. వక్తను పిలవవచ్చు, పరిచయం చేయడానికి ఒకరు ఉండాలి కదా. నోరు మాత్రం తెరవనివ్వకూడదు.

సభామర్యాద తెలియని వారు లోకంలో లేకపోలేదు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సంగతే చూడండి. 1826 నుంచి అక్కడ శుక్రవారం సాయంత్రాల్లో ఉపన్యాసాలు జరుగుతున్నాయి. అనుకున్న వేళకు తలుపు తెరుచుకుంటుంది, వక్త లోపలికి వస్తాడు, నేరుగా విషయంలోకి దిగుతాడు. పరిచయం లేదు, "అందరికీ నమస్కారం" కూడా లేదు. సరిగ్గా గంటకు ఆపేస్తాడు. 1846లో వీట్‌స్టన్ అనే శాస్త్రవేత్త సభాభయంతో ఆఖరి నిమిషంలో పారిపోయాడనీ, అప్పటి నుంచి వక్తను ముందుగానే ఒక గదిలో పెట్టి తాళం వేసే ఆచారం వచ్చిందనీ అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. మనకు ఆ గది ఖర్చు కూడా లేదు. ఇద్దరు డీన్ల మధ్య ఇరికించిన వక్త ఎక్కడికి పారిపోతాడు?

శ్రోతల విషయంలోనూ మనం ఎంతో ముందుకు వచ్చాం. కేంబ్రిడ్జిలో న్యూటన్ పాఠం చెబితే వినడానికి ఎవరూ రాక, ఒక్కోసారి గోడలకే చదివి వచ్చేవాడని ఆయన దగ్గర లేఖకుడిగా ఉన్న హంఫ్రీ న్యూటన్ రాసిపెట్టాడు. పాపం, హాజరుపట్టీ అనే సాధనం ఒకటుందని ఆయనకు చెప్పినవారు లేరు. మన సభకు నాలుగు తరగతులు రద్దు చేసి పిల్లలను తోలుకొచ్చారు. సంతకం ముందు పెట్టిస్తే వెళ్లిపోతారని, చివర పెట్టిస్తామని తలుపు దగ్గరే ప్రకటించారు. నాలుగు వందల జ్ఞానపిపాసులు ఎలా సమకూరారో ఇప్పుడు మీకు తెలిసింది.

ఉపన్యాసానికి అనుబంధంగా ఒక ప్రదర్శన కూడా ఉంది. రిబ్బను కత్తిరించారు. కత్తెరకు తెగకపోతే వేరే కత్తెర తెప్పించి, కత్తిరించిన రిబ్బనును మళ్లీ కట్టి, ఫోటో కోసం ఇంకోసారి కత్తిరించారు. మూడు రాత్రులు మేలుకుని నమూనా తయారుచేసిన కుర్రవాడు "సార్, ఇందులో నీరు ఇటు నుంచి..." అనే సరికి ప్రముఖులు "బాగుంది, బాగుంది" అంటూ ఆరు బల్లలు దాటిపోయారు. ఆ నీరు ఎటు పోతుందో నేటికీ నాకు తెలియదు. ఎందుకంటే ప్రముఖులు బయటికి రాగానే గదికి తాళం పడింది. ఆక్స్‌ఫర్డ్ వారు 1683లో ఆష్మోలియన్ మ్యూజియం తెరిచి, రుసుము చెల్లించిన మామూలు జనాన్నీ లోపలికి రానిచ్చారు. 1710లో అక్కడికి వెళ్లిన ఉఫెన్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు, పామరులూ ఆడవాళ్లూ అటూ ఇటూ పరుగులు తీస్తూ అన్నీ చేత్తో పట్టుకుని చూస్తున్నారని తెగ బాధపడ్డాడు. ఆ పెద్దమనిషి ఇప్పుడు వస్తే మన తాళం చూసి ఆనందబాష్పాలు రాలుస్తాడు.

సాయంత్రం పూర్వ విద్యార్థుల సమ్మేళనం. దాని గురించి ఎక్కువ చెప్పను, ఆహ్వానపత్రం వెనుకవైపే విరాళం ఫారం ఉంది. అమెరికాలో విలియమ్స్ కాలేజీ అధ్యక్షుడు కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని వేరే కాలేజీకి వెళ్లిపోతే, ఉన్నది మూతపడుతుందన్న భయంతో 1821లో పాత విద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. కాలేజీ నిలబడింది. మనవాళ్లు కూడా ఏదో ఒకటి నిలబెడతారు, సాధారణంగా తమ పేరు చెక్కించిన సిమెంటు బల్ల.

5:49కి వక్త గారి చేతికి మైకు వచ్చింది. ముప్పై ఒక్క స్లయిడ్లు తెచ్చుకున్నారు. నాలుగోదానికి చేరే సరికి 5:55, చీటీ అందింది. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "వాన తక్కువైన ఏడు వలయం సన్నగా..." అన్నారు. రెండో చీటీ వచ్చింది. ఇరవై ఏడు నిమిషాలు రైలు కిటికీ గురించి విన్న అధ్యక్షుల వారు ఇప్పుడు చేతిగడియారం మీద వేలితో తట్టి చూపిస్తున్నారు.

ప్రశ్నలకు సమయం ఉందా అని ఎవరో అడిగారు. వెనుక నుంచి ఒక చెయ్యి అంతకు ముందే లేచి ఉంది. ఆ చెయ్యి నాకు తెలుసు. నాలుగింటికి నా పక్క కుర్చీలోనే కూర్చుంది ఆ అమ్మాయి, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. ఆమెను ఎవరూ తోలుకురాలేదు, హాజరు కోసం రాలేదు, వేరే ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. గళ్ల నోటుపుస్తకం మొదటి పేజీలో తేదీ, అంశం, వక్త పేరు రాసుకుని కింద గీత కొట్టి సిద్ధంగా కూర్చుంది. 4:20కి మెడలో బ్యాడ్జీ వేసుకున్న కార్యకర్త వచ్చి, ఇవి ప్రముఖులకు కేటాయించిన వరుసలని ఆమెను లేపి వెనక్కి పంపాడు. నెరిసిన జుట్టు చూసి కాబోలు నన్ను కదిలించలేదు. ఆ కుర్చీలోకి ఏ ప్రముఖుడూ రాలేదు. ఆరింటి దాకా అది ఖాళీగానే ఉంది. నేను లేచి ఆ అమ్మాయిని మళ్లీ పిలిచి ఉండవలసింది. లేవలేదు. అది నా సిగ్గు.

"సమయాభావం వల్ల ప్రశ్నలు లేవు" అన్నారు కన్వీనర్ గారు.

ఎవరి సమయం? ఎవరు తినేశారు దాన్ని? 1812లో లండన్‌లో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రవాడికి, దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త ఇచ్చే ఉపన్యాసాలకు టికెట్లిచ్చాడు. నాలుగు ఉపన్యాసాలు గ్యాలరీలో కూర్చుని విన్నాడు. విన్నదంతా రాసుకుని, దాదాపు మూడు వందల పేజీలు స్వయంగా బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది అక్కడే సహాయకుడిగా చేరాడు. పేరు మైకేల్ ఫారడే. నేను ఇందాక చెప్పిన శుక్రవారం ఉపన్యాసాలు మొదలుపెట్టింది ఆయనే. 1831లో ఆయన కనిపెట్టిన సూత్రం మీదే జనరేటర్లు తిరుగుతున్నాయి. మీ మైకుకు కరెంటు వచ్చింది అట్లా. ఆ మైకు పట్టుకుని మీరు చేసింది ఇదా? బహిరంగ ఉపన్యాసం అనేది ఆ గ్యాలరీలో కూర్చున్న, పేరు తెలియని పిల్లవాడి కోసం పుట్టింది. మీ పుష్పగుచ్ఛాల కోసం కాదు, మీ అలకల కోసం కాదు, మీ వార్షిక నివేదికలో ఒక పంక్తి కోసం అంతకన్నా కాదు. వాడు వచ్చి కూర్చుంటే చెయ్యి పట్టుకుని లేపుతారు, ప్రశ్న అడగబోతే నోరు మూయిస్తారు, ఆపైన ఈ తరానికి జిజ్ఞాస లేదని మర్నాడు సదస్సు పెడతారు!

క్షమించాలి. వందన సమర్పణకు వద్దాం. అది పదిహేడు నిమిషాలు పట్టింది. ఆరింటికి ఖాళీ చేయవలసిన హాలు దానికోసం ఎలా దొరికిందో అడగకండి. చివరగా జ్ఞాపిక. కలప ఫలకం, వక్త గారి పేరులో ఒక అక్షరం తప్పు. ఆయన దాన్ని అందుకుని, అలవాటు కొద్దీ కాబోలు, అంచు వైపు తిప్పి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. సాయంత్రమంతా ఆయన ముఖంలో నిజమైన నవ్వు అప్పుడే కనిపించింది. అది కలప కాదు. పొట్టుతో అదిమి చేసిన చెక్క మీద కలప బొమ్మ అచ్చువేసిన కాగితం అతికించారు.

బయటికి వచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆ అమ్మాయి, మోకాళ్ల మీద గళ్ల నోటుపుస్తకం. చలికాలమంటూ లేని చోట చెట్టుకు ఏడాది పూర్తయిందని ఎలా తెలుస్తుంది, వలయం ఎందుకు పడుతుంది అని అడిగినట్టుంది. "మంచి ప్రశ్న, చాలా చెట్లకు స్పష్టంగా పడదు. కానీ టేకు ఉంది చూశారూ, అది ఎండాకాలం ఆకు రాల్చి పెరగడం ఆపేస్తుంది. అందుకని..." అంటూ ఆమె పెన్ను తీసుకుని ఒక వలయం గీశారు. దాని చుట్టూ ఇంకొకటి, కొంచెం సన్నగా. మూడోది సగం గీసేసరికి కన్వీనర్ గారు పరుగున వచ్చి, గ్రూప్ ఫోటోకు అందరూ ఎదురుచూస్తున్నారని ఆయన మోచెయ్యి పట్టుకుని లేపారు. వక్త గారు పెన్ను ఆమె చేతిలో పెట్టబోయి, తొందరలో జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.