డబ్బా మీద ఎనిమిది కోర్లు

వేసవికి ఊరెళ్లే మనవాళ్ల సూట్‌కేసుల్లో అమ్మకో బాపుకో ఒక ఖరీదైన ఫోన్ ఉండాల్సిందే. వరంగల్, కరీంనగర్ వైపు వెళ్లేవాళ్లకు నా మాట: అందులో సగం డబ్బు దండగ. అలాగని అన్నిటికన్నా చవకది కొనమనీ అనను.

ఫోన్ చిప్‌లో లెక్కలు చేసే భాగాలే కోర్లు. వేగంగా పనిచేసి ఎక్కువ కరెంటు తినేవి పెద్దవి, నెమ్మదిగా నడిచి కరెంటు మిగిల్చేవి చిన్నవి. ఈ రెండు రకాలూ ఒకే చిప్‌లో పెట్టే పద్ధతిని చిప్‌ల డిజైన్లు చేసే ఆర్మ్ కంపెనీ 2011లో బిగ్.లిటిల్ పేరుతో ప్రకటించింది. అప్పటి జోడీ కార్టెక్స్ ఎ15 (పెద్దది), ఎ7 (చిన్నది). కోర్ వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, ఖర్చయ్యే కరెంటేమో వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. అందుకే తేలిక పనులు చిన్నదానికి, బరువు పనులు పెద్దదానికి. 2013లో వచ్చిన శాంసంగ్ ఎక్సినోస్ 5 ఆక్టా చిప్‌లో ఎనిమిది కోర్లున్నా ఒకేసారి పనిచేసేవి నాలుగే. ఎనిమిదికి గుర్తైన ఆక్టా అన్న మాట మాత్రం అప్పుడు డబ్బా ఎక్కింది, ఇంకా దిగలేదు.

తిరకాసు అక్కడే ఉంది. స్నాప్‌డ్రాగన్ 625 అనే చిప్‌లో ఎనిమిదీ చిన్న ఎ53 కోర్లే. డైమెన్సిటీ 700 అనే చిప్‌లో రెండు పెద్ద ఎ76లు, ఆరు చిన్న ఎ55లు. లెక్కకు రెండూ ఆక్టా కోరే! యాప్ తెరిచినప్పుడు భారమంతా ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది, మిగతా చిన్నవి ఎన్ని ఉన్నా సాయానికి రావు. అన్నీ చిన్నవే ఉన్న ఫోన్‌తో యూపీఐలో పాలవాడికి డబ్బులు పంపుతుంటే తెర ఆగిపోతుంది. పోయాయా లేదా అని అమ్మకు టెన్షన్. మనకు ఇది తెలియకపోవడానికి కారణం ఉంది: వీడియో కాల్‌లో కుదించి వచ్చే బొమ్మను విప్పే పని చాలావరకు చిప్‌లోని వేరే భాగం చూసుకుంటుంది. కాబట్టి మనతో మాట్లాడేంతసేపూ ఫోన్ బుద్ధిగానే ఉంటుంది.

ఇక ఖరీదైన ఫోన్ సంగతి. చిప్ తన వేడిని బయటి గాలికే వదలాలి. మే నెలలో హనుమకొండలో ఆ గాలే 44 డిగ్రీలుంటే, పెద్ద కోర్లను ఫోనే నెమ్మదింపజేస్తుంది. ఏసీ గదిలో రివ్యూ చేసినవాళ్ల స్కోర్లు మధ్యాహ్నం మా వాకిట్లో రావు.

2023లో డైమెన్సిటీ 9300 చిన్న కోర్లను తీసేసి నాలుగు ఎక్స్4లు, నాలుగు ఎ720లు, అంటే అన్నీ పెద్దవే పెట్టింది కదా అనొచ్చు. పెద్ద కోర్ పని త్వరగా ముగించి పడుకుంటే కరెంటు మిగులుతుందన్న ఆ వాదంలో పస ఉంది. కానీ అది పైధర ఫోన్ల ముచ్చట, వాట్సాప్, యూపీఐ, భక్తి పాటలకు అంత అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లను హనుమకొండ చౌరస్తాలో షాపుకు పంపే ముందు మోడల్ పేరు అడగండి. ఆ చిప్‌లో ఎ76 గానీ, అంతకన్నా కొత్త పెద్ద కోర్లు గానీ కనీసం రెండు ఉన్నాయేమో ఇక్కడినుంచే చూసి చెప్పండి. షాపతను ఎనిమిది అనే చెప్తాడు.