సవరణ: వీపు ప్యాడ్ గుర్తులు, కొలత గురించి

విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కే బైకు మిత్రుల కోసం గత వారం రాసినదానిలో, జాకెట్ వీపు భాగంలోని ప్యాడ్‌పై ఈఎన్ 1621-1 (ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం) అని ఉంటే చాలునని, సైజును మనిషి ఎత్తును బట్టి ఎంచుకోవాలని చెప్పాను. రెండూ తప్పే.

1621-1 అనేది భుజాలు, మోచేతులు, మోకాళ్ల వంటి చోట్ల పెట్టే ప్యాడ్‌ల ప్రమాణం. వీపుకు వర్తించేది 1621-2. తేడా చివరి అంకెలోనే కనిపిస్తున్నా, 50 జౌళ్ల శక్తితో కొట్టి చూసే పరీక్షలో మోకాలి ప్యాడ్ సగటున 35 కిలోన్యూటన్ల బలాన్ని అవతలికి పోనిచ్చినా మొదటి స్థాయిలో నెగ్గుతుంది, వీపు ప్యాడ్ మాత్రం మొదటి స్థాయిలో 18కి, రెండో స్థాయిలో 9కి మించి పోనివ్వకూడదు. ఇది రాస్తూ నా జాకెట్ వీపు జిప్పు తీసి చూస్తే, లోపల ఉన్నది ఏ గుర్తూ లేని, చేత్తో నొక్కితే అణిగిపోయే మామూలు స్పాంజి. నాలుగేళ్లుగా దాన్నే నమ్ముకుని తిరిగాను!

ఇక కొలత తీసుకోవలసింది నడుము నుంచి భుజం వరకు. ఒకే ఎత్తున్న ఇద్దరికి మొండెం పొడవు ఒకటే కానక్కర్లేదు. చీటీపై ఎఫ్‌బీ అంటే పూర్తి వీపు, సీబీ అంటే వీపు నడిమి భాగం, ఎల్‌బీ అంటే నడుము భాగం మాత్రమే. టీ ప్లస్ అని కూడా ఉంటే 40 డిగ్రీల వేడిలోనూ పరీక్షించారని అర్థం కనుక, వేసవిలో శ్రీకాకుళం దాకా హైవేపై వెళ్లేవారు దాన్ని అడిగి తీసుకోవడం మేలు.