‘రిటైర్డ్’ అని ఒక్క ముక్క రాసేస్తే సరిపోతుందా?

తిరుపతిలో గుర్రమంటే మనకు బ్రహ్మోత్సవాల ఎనిమిదో రోజు రాత్రి అశ్వవాహనం, లేదంటే పెళ్లి ఊరేగింపు. ఎండ్యూరెన్స్ రైడ్ (గుర్రాల మీద చాలా దూరం సాగే పోటీ) అంటే సగం మంది స్క్రోల్ చేసేస్తారని తెలుసు. అయినా రాస్తున్నా. ఇక్కడే వెటర్నరీ చదువుతున్న మా పిన్ని కొడుకుతో, పోటీ మధ్యలో ఆగిపోయిన గుర్రం గురించి ఫారంలో ఏం రాయాలని నిన్న పెద్ద వాదన జరిగింది మరి.

ఈ పోటీల్లో పెద్దవి ఒకే రోజులో 160 కిలోమీటర్లుంటాయి. మధ్యమధ్యలో డాక్టర్లు ఆపి చూస్తారు. గుండె వేగం సాధారణంగా నిమిషానికి 64కి దిగాలి, నడకలో కుంటు ఉండకూడదు, పేగుల చప్పుడు వినపడాలి. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో బయలుదేరిన గుర్రాల్లో చాలా ఏళ్లు దాదాపు సగం మధ్యలోనే ఆగిపోతాయి.

ఆగడం తప్పు కాదు. ఎందుకు ఆగిందో సరిగ్గా రాయకపోవడం తప్పు. ‘రిటైర్డ్’ అని వదిలేయడమంటే, మరణ ధ్రువపత్రంలో ‘గుండె ఆగి మృతి’ అని రాసినట్టే. ఎవరి గుండె ఆగకుండా పోయారని?

అమెరికాలో ఈ పోటీలను చూసుకునే సంస్థ ఏఈఆర్‌సీ (అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్) పద్ధతి నాకు నచ్చింది. కుంటుకు ఒక కోడ్, మెటబాలిక్ సమస్యకు (ఒళ్లు ఎండిపోవడం, బాగా అలసిపోవడం లాంటివి) ఒకటి, టైం దాటితే ఇంకొకటి. రైడరే ఆపేస్తే ‘రైడర్ ఆప్షన్’. అందులోనూ కుంటు వల్ల ఆపారా, ఒంట్లో తేడా కనిపించి ఆపారా అని విడిగా రాస్తారు.

“రైడరుకు నడుం నొప్పంటే దానికింత పోస్ట్‌మార్టమా అన్నా?” అంటాడు మావాడు. నడుం నొప్పైతే అదే రాయరా! గుర్రం మీదికి అనుమానం పోకుండా ఉంటుంది కదా.

అసలు చిక్కు వేరే. కాలు నొప్పితో నెమ్మదించిన గుర్రం ఆలస్యంగా వస్తే ‘టైం దాటింది’ అని రాస్తారు. కుంటు లెక్కలోంచి మాయం! ఎండలో ఇంకా ఘోరం. గుర్రం చెమటలో ఉప్పు చాలా ఎక్కువ. నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఒళ్లు ఎండిపోతున్నా దానికి దాహం సరిగా వేయదు. మన మే నెల ఎండల్లో నీళ్ల తొట్టి ముందు నిలబెట్టినా తాగకపోవచ్చు. అలసిపోయి తడబడి కాలు బెణికితే, కాగితం మీద మాత్రం ‘కుంటు’. మొదలైంది ఎక్కడ?

కాబట్టి రెండు గడులు పెట్టాలి: ఆపింది ఎవరు, మొదట కనిపించిన తేడా ఏది. ఫారం పెద్దదైపోతుందట మావాడి గోల. అవనీ, వెనక పేజీ ఖాళీగానే ఉందిగా!