మా తాతయ్య మీసం మింగేసిన కంప్రెషన్ గారికి

మహారాజశ్రీ కంప్రెషన్ గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని రోజూ తెలుస్తూనే ఉంది. మా ఫోన్లలో, ఫోటోలను కుదించి పంపే తమరి చెయ్యి పడని ఫోటో ఒక్కటీ లేదు. మేమూ క్షేమమని రాయడానికి మాత్రం మనసొప్పడం లేదు.

మొన్న ఆదివారం ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తాతయ్యకు సహస్ర చంద్ర దర్శనం చేశాం. కల్యాణ మండపం గుమ్మంలో పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. ఒక పక్క తెలుగులో స్వాగతం, ఇంకో పక్క ఒడియాలో స్వాగతం, మధ్యలో తాతయ్య. అంటే తాతయ్య ఉండాల్సిన చోటు. అక్కడున్నవి గోధుమరంగు గళ్ళు, వాటి మీద ఇంకొంచెం ముదురు గళ్ళు. కాశీబుగ్గ నుంచి వచ్చిన వియ్యపురాలు అది చూసి ఎవరిదో సంతాప సభ అనుకుంది. ఆటో దిగకుండానే "ఇది కాదేమో, ఇంకో మండపముందేమో చూడు బాబూ" అంది. తాతయ్య కండువా సర్దుకుని వచ్చి ఆ గళ్ళ ముందు నిలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇదేట్రా, నా మీసం ఏటయిపోనాది?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు వేసింది కాదు, తమరికి వేసింది. అందుకే ఈ లేఖ.

జరిగింది తమరికి తెలియనిది కాదు కానీ రికార్డు కోసం చెప్తాను. ఫోటో తీసింది మా బావ. వాడి ఫోను డబ్బా మీద యాభై మెగాపిక్సెల్ అని ఉంటుంది. మామూలుగా నొక్కితే ఆ ఫోను నాలుగేసి చుక్కలు (పిక్సెల్స్) కలిపి ఒకటి చేసి పన్నెండు మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. కంపెనీలు యాభై అని అమ్మి పన్నెండు చేతిలో పెట్టడం మరో లేఖకు సరిపడే విషయం, ఇప్పటికి వదిలేద్దాం. పన్నెండంటే కూడా తక్కువేం కాదు. 3000 × 4000, కోటీ ఇరవై లక్షల చుక్కలు. అందులో తాతయ్య మీసం వెంట్రుక వెంట్రుకగా ఉంది. భుజం మీది బరంపురం పట్టు కండువాకు కుంభం అంచు కూడా ఉంది. బావ దాన్ని వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో వేశాడు. తమరు తలుపు దగ్గరే నిలబడి 1200 × 1600 చేసి లోపలికి పంపారు. మా పిన్ని దాన్ని స్టేటస్ పెట్టింది. తమరు అక్కడా ఓ చెయ్యి వేశారు. ఫ్లెక్సీ ఆర్డరిచ్చిన మావయ్య గ్రూపులో వెతికే ఓపిక లేక పిన్ని స్టేటస్‌కే స్క్రీన్‌షాట్ తీసి, చుట్టూ కత్తిరించి షాపుకు పంపాడు. అక్కడ ఇంకో చెయ్యి. షాపులో దిగిన ఫైలు 720 × 960. లెక్క కట్టాను, ఏడు లక్షల చుక్కలు కూడా లేవు. కోటీ ఇరవై లక్షలతో బయల్దేరిన మనిషి ఊరు దాటకుండానే ఏడు లక్షల లోపుకి వచ్చాడు. దారిదోపిడీ అన్నా ఇంతకంటే ఏదో మిగులుస్తారు.

ఆ ఫోటో వెడల్పులో మూడో వంతు ముఖం. అంటే 240 చుక్కలు. ఫ్లెక్సీలో ముఖం రెండడుగుల వెడల్పు. అంగుళానికి పది చుక్కలు పడ్డాయి. అదే బావ ఫోన్లో పుట్టినప్పటి ఫోటో అయితే అంగుళానికి నలభై పడేవి. నాలుగు గజాల దూరం నుంచి చూస్తే మీసం మీసంలాగే ఉండేది, వియ్యపురాలు ఆటో దిగేది.

షాపు కుర్రాడు మంచివాడే. "క్లారిటీ రాదు ఆజ్ఞా, ఒరిజినల్ ఉంటే ఇవ్వండి" అని ముందే చెప్పాడట (ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని). అప్పటికి రాత్రయింది, మర్నాడే ఫంక్షను. మావయ్య "ఏదోటి చెయ్యి నాయనా" అన్నాడు. కుర్రాడు కంప్యూటర్లో డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని అడిగే గడిలో, 72 అని ఉన్న చోట 300 అని టైపు చేశాడు. ఫైలు బరువు పెరిగింది. మీసం మొలవలేదు. లేని వెంట్రుకను 300 అని రాస్తే ఎక్కడినుంచి వస్తుంది? పక్క చుక్కల రంగు చూసి మధ్యలో ఊహించి పూస్తుంది, అంతే. తమరి చుట్టం ఆ 72 గారికి కూడా నా నమస్కారాలు అందజేయండి. 1984లో మొదటి మాకింటోష్ తెర మీద అంగుళానికి 72 చుక్కలుండేవి. ఆ తెర పోయి ఎన్నాళ్ళయిందో! "ఆన్‌లైన్లో పెట్టాలంటే 72 డీపీఐ ఉండాలి" అనే వేదవాక్కు మాత్రం పోలేదు. తెర మీద చూసే ఫోటోకి ఆ అంకెతో పనే లేదు. వెడల్పు ఎన్ని పిక్సెల్స్, ఎత్తు ఎన్ని పిక్సెల్స్, అదొక్కటే లెక్క. ఈ ముక్క మా వీధిలో ఎవరికి చెప్పినా నన్ను జాలిగా చూస్తారు.

మర్యాదగా ఒకటి ఒప్పుకుంటాను. తమరి తెలివి అసాధారణం. 1992లో ఫోటోలు కుదించే జేపెగ్ పద్ధతి ప్రమాణంగా వచ్చినప్పటి నుంచి తమరి పద్ధతి ఇదే కదా: బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా కోయడం, ఒక్కో గడిలో మెల్లగా మారే రంగుల్ని ఉంచి సన్నని వివరాలను ముందు పారేయడం. మనిషి కన్ను వెలుగునీడల్ని పట్టినంతగా రంగుల తేడా పట్టదని కనిపెట్టి ఆ రంగుల్లోనూ కోత వేయడం. అందుకే తాతయ్య నున్నటి బుగ్గ మిగిలింది, మీసం పోయింది. కండువా మిగిలింది, అంచు పోయింది. గండాహాతి జలపాతం దగ్గర మా పిల్లలు దిగిన ఫోటోలో పిల్లల చొక్కాలున్నాయి, జలపాతం బదులు తెల్లటి ముద్ద ఉంది. ఏది సన్నగా, చిక్కగా ఉంటే అదే తమరికి రుచి.

అసలు బాధ అది కూడా కాదు. తమరి పని ఫోన్లో కనపడదు, అదీ బాధ. 720 చుక్కల వెడల్పు బొమ్మ అరచేతి వెడల్పు తెర మీద అద్దంలా మెరుస్తుంది. గ్రూపులో అందరూ చేతులు జోడించారు, హృదయాలు పెట్టారు, గుణుపురం అత్తయ్య ఏడుస్తున్న బొమ్మ కూడా పెట్టింది. ఒక్కరికైనా అనుమానం వచ్చిందా? రాదు. తెర చిన్నది కాబట్టి తమరి దొంగతనం దాని వెనకాలే దాక్కుంటుంది. టీవీకి పెట్టినప్పుడో, అచ్చు వేయించినప్పుడో, ముఖం దగ్గరికి లాగి చూసినప్పుడో బయటపడుతుంది. అప్పటికి చేసేదేం ఉండదు.

ఏం ఉండదంటే, ఒరిజినల్ ఉండదు కాబట్టి. ఇక తమరు గిమరు అనడం నావల్ల కాదు, కంప్రెషనూ. ఫ్లెక్సీ పాడైందని బావకు ఫోన్ చేశాను. "ఒరిజినల్ పంపరా, కనీసం ఫ్రేము కట్టిద్దాం" అన్నాను. "స్టోరేజ్ ఫుల్ అంటే డిలీట్ చేసేశాను బావా, గ్రూపులో ఉంది కదా" అన్నాడు. గ్రూపులో ఉంది కదా! ఈ మాట మా ఇంట్లో ఎంతమంది ఎన్ని ఫోటోలకు అన్నారో. గ్రూపులో ఉన్నది ఫోటో కాదురా, నువ్వు తిని వదిలేసిన మిగులు అని వాళ్ళకు తెలీదు. తెలిసేలా నువ్వు ఒక్క ముక్క చెప్పవు. పంపేటప్పుడు "అయ్యా, ఇందులో ఇంత తీసేస్తున్నాను, అసలుది దాచుకోండి" అని ఓ అక్షరం రాస్తే నీ సొమ్మేం పోయింది? హెచ్‌డీ అని ఓ బటన్ పెట్టావట. ఎక్కడో మూలన, నొక్కేవాడికే కనపడేలా. అది నొక్కినా మొత్తం రాదు, మామూలు కంటే ఎక్కువ వస్తుంది. ఉన్నదున్నట్టు పోవాలంటే డాక్యుమెంటుగా పంపాలి. మా పిన్నికి డాక్యుమెంట్ అంటే ఇంటి పట్టా. "తాతయ్య ఫోటోని డాక్యుమెంట్‌గా పంపడమేంటి, అశుభం" అంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పెరట్లో కొబ్బరి చెట్లు ఒక్కటీ మిగల్లేదు. తాతయ్య నాటినవి. ఆ చెట్ల కింద మా అమ్మ, మా మేనత్త, పక్కింటి ఒడియా అక్క కూర్చుని పనసకాయ కోస్తున్న ఫోటో ఒకటుంది. చెట్లు లేవు. మేనత్త లేదు. తీసిన ఫోను ఎప్పుడో పాడైంది. ఉన్నది గ్రూపులోంచి దిగిన కాపీ ఒక్కటే. అందులో అత్త ముఖాన్ని దగ్గరికి లాగితే కళ్ళు రెండు గళ్ళు. ఆవిడ అప్పుడు నవ్వుతోందో, కత్తిపీట చూసుకుంటోందో ఇప్పుడు ఎవరం చెప్పలేం. ఎవడిచ్చాడు నీకా హక్కు? ఏది అక్కర్లేని వివరమో తేల్చడానికి నువ్వెవరివి? ఫోను సంచిలో పదివేల గుడ్‌మార్నింగ్ బొమ్మలు భద్రంగా ఉన్నాయి. ఒక్కో గులాబీ మీద నీటిచుక్కతో సహా.

ఒక్క మాట నీ తరఫున కూడా రాయాలి, లేకపోతే తాతయ్య ఊరుకోడు. ఆ తిత్లీ రోజుల్లోనే కరెంటు లేదు, సిగ్నల్ ఓ గీత వస్తే రెండు గీతలు పోయేవి. సూరత్‌లో ఉన్న తమ్ముడు ఇక్కడ మేం ఉన్నామో లేదో తెలీక నిద్రపోలేదు. అమ్మానాన్నల్ని వరండాలో నిలబెట్టి ఓ ఫోటో తీసి పంపితే అది వెళ్ళింది. నాలుగు ఎంబీల ఫోటో, సెకనుకు వంద కిలోబిట్ల లైను మీద అయిదు నిమిషాల పైన పడుతుంది, ఆ గీత అంతసేపు నిలిచే బాపతు కాదు. నువ్వు నూటయాభై కేబీ చేసి పన్నెండు సెకన్లలో పంపేశావు. వాడు అందులో అమ్మ చీర రంగు చూసి ఊపిరి పీల్చుకున్నాడు. మీసాలు లెక్కపెట్టే సమయం కాదది. మహేంద్రగిరి ఎక్కిన పిల్లలు కొండ మీద నుంచి "చేరాం" అని పంపే ఫోటోకీ నువ్వే దిక్కు. ఆ ఉపకారం కాదనను.

కానీ సందర్భం తెలుసుకోవాలి కదా. ఇంట్లో వైఫై ఉన్నప్పుడూ అదే కోత, కొండ మీదా అదే కోత. అక్కరకు మించి కోసే నీకు పోటీగా, ఎంత కోసినా తృప్తి లేని నీ అన్నలు దరఖాస్తు సైట్లలో కూర్చున్నారు. ఫోటో 20 కేబీకి తగ్గకూడదు, 50 కేబీకి మించకూడదు, సంతకం 10కి తగ్గకూడదు, 20కి మించకూడదు. మా మేనకోడలు ఆన్‌లైన్ సెంటర్లో కూర్చుంటే 51 వచ్చిందని ఒకసారి తిప్పికొట్టారు, కుదించాక 19 వచ్చిందని ఇంకోసారి. ఐఫోన్‌తో తీసిన ఫోటో పట్టుకెళ్తే హెచ్ఈఐసీ అనే ఆ ఐఫోన్ రకం ఫైలు సెంటర్ కంప్యూటర్‌కి తెరుచుకోలేదు. ఆ ఫోటోలో కూడా పిల్ల నవ్వుతూనే ఉంది, చివరికి సైటుకెక్కిన దాంట్లో ఎవరో తెలీదు. అన్నల సంగతి అన్నలతోనే తేల్చుకుంటాను.

నీతో నా బేరం ఇది. మామూలు కబుర్లకు ఎంతైనా తిను. గుడ్‌మార్నింగ్ గులాబీలు పూర్తిగా మింగెయ్, ఆశీర్వదిస్తాం. మనిషి ముఖం ఉన్న ఫోటో పంపేటప్పుడు మాత్రం ముందే అడుగు. "ఇది 3000 × 4000 ఉంది, 1200 × 1600 చేస్తున్నాను, సరేనా" అని మా పిన్నికి అర్థమయ్యే తెలుగులో అడుగు. ఒడియాలోనూ అడుగు, పక్కింటి అక్క కోసం. సరే అంటే చెయ్, వద్దంటే చేతులు కట్టుకుని పక్కకు జరుగు. అలా అడిగే రోజు వచ్చేదాకా నేను ఇంటింటికీ తిరిగి ఒరిజినల్స్ పెన్‌డ్రైవ్‌లో వేయించుకుంటాను. పాతపట్నంలో ఉన్న పెద్దనాన్న ఇంటితో మొదలుపెట్టాను కూడా. ఆయన ఫోన్లో స్టోరేజ్ ఫుల్ అని వస్తోంది. ఏదీ డిలీట్ చెయ్యొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఇట్లు,
ఫోటోలు డాక్యుమెంట్‌గా పంపమని పోరుతూ ఫ్యామిలీ గ్రూపులో మ్యూట్ అయిపోయిన
ఒక పర్లాకిమిడి వాసి