లిఫ్ట్ రాకముందే గృహప్రవేశం

మా అన్నయ్య వాళ్ల ఫ్లాట్ నిజాంపేటలో, ఆరో అంతస్తు. గృహప్రవేశం అయి ఏడు నెలలైంది. లిఫ్ట్ గుంత ఉంది, లిఫ్ట్ లేదు. గుంతకు అడ్డంగా ఒక ప్లైవుడ్ చెక్క, దాని మీద బిల్డర్ అంటించిన కాగితం: 'త్వరలో'. మొన్న ఆదివారం ఆ మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ వెళ్లి సోఫాలో కూలబడేసరికి మా అన్నయ్య కొడుకు టీవీ ముందు కూర్చుని ఒక వీడియో గేమ్ కంపెనీని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. ఫుట్‌బాల్ ఆట. నాలుగు వేలు పెట్టి కొన్నాడట. బంతి తన్నకముందే గంటన్నర సేపు ప్యాచ్, అంటే తప్పులు సరిచేసే అతుకు, దించుకోమంటోందట.

"డబ్బులు ముందే తీసుకుని సగం ఉడికిన ఆట ఇస్తారా బాబాయ్?"

ఆ మాట ఏ ఇంట్లో కూర్చుని అంటున్నాడో గుర్తు చేద్దామనుకున్నాను. ఇంతలో వదిన కాఫీ తెచ్చింది. ఇల్లు బాగుంది వదినా అని ఊరుకున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను: స్పోర్ట్స్ గేములు చేసే కంపెనీలకు లోకంలో తీరని అన్యాయం జరుగుతోంది. ఆట పూర్తిగా తయారయ్యాకే అమ్మాలన్నది చాదస్తం. ఆ చాదస్తాన్ని మన హైదరాబాదు రియల్ ఎస్టేట్ ఏనాడో వదిలించుకుంది. గేముల వాళ్లు మాత్రం ఇంకా తిట్లు తింటూనే ఉన్నారు.

2013 సంగతే తీసుకోండి. 'యాషెస్ క్రికెట్ 2013' అని ఒక ఆట. ఇంగ్లండు-ఆస్ట్రేలియా టెస్టుల పోరు యాషెస్ ఇంగ్లండులో జరిగే వేసవికి రావాలి, రాలేదు. ఆస్ట్రేలియాలో మళ్లీ యాషెస్ మొదలయ్యే నవంబరుకు కంప్యూటర్ల మీద వచ్చింది. నాలుగు రోజులు ఉందో లేదో, అమ్మకం ఆపేసి, క్షమాపణ చెప్పి, కొన్నవాళ్లకు డబ్బులు తిరిగిచ్చేశారు. నాలుగు రోజుల్లో! మన దగ్గర అడ్వాన్సు తిరిగి రావాలంటే రెరా గడప తొక్కాలి, తొక్కాక తారీఖులు పడాలి. ఇంత మర్యాదస్తులను పట్టుకుని, ఫీల్డర్లు బంతిని వదిలేసి దిక్కులు చూస్తున్నారని ఎగతాళి చేశారు. శనివారం పొద్దున పరేడ్ గ్రౌండ్స్‌కి వెళ్లి చూడండి. ఒకే మైదానంలో పది మ్యాచులు. ఎవడి బంతో తెలియక ప్రతి ఫీల్డరూ దిక్కులే చూస్తుంటాడు. దాన్ని అచ్చంగా దించినందుకా ఎగతాళి?

అన్నట్టు క్రికెట్‌ను కంప్యూటర్‌లో పెట్టడం ఏమంత సులువు కాదు. ఫుట్‌బాల్లో ఇరవై ఇద్దరూ ఒక్క బంతి చుట్టూ తిరుగుతారు, ఆట పారుతూనే ఉంటుంది. క్రికెట్లో ప్రతి బంతీ ఒక కొత్త పంచాయితీ. బౌలర్ చెయ్యి, సీమ్ తిరిగిన పక్క, పిచ్ ఐదో రోజు పగుళ్లు, బ్యాటు ఏ అంచుకు తగిలింది, థర్డ్ మ్యాన్ ముందుకు రావాలా వెనక్కి పోవాలా, రెండో పరుగుకు పిలవాలా వద్దా. రనౌట్లకు పేరుమోసిన పాకిస్తాన్ ఇంజమామ్‌కే ఆ చివరిది ఎప్పుడూ తేలలేదు, పాపం మెషీనుకేం తేలుతుంది?

దీనికి తోడు లైసెన్సుల గొడవ. ఏ దేశం బోర్డు దగ్గర ఆ దేశం ఆటగాళ్ల పేర్లకు వేరుగా డబ్బు కట్టాలి. 2006 చివర్లో ఈఏ అనే గేమ్ కంపెనీ తెచ్చిన 'క్రికెట్ 07'లో మన జట్టుకు ఆ లైసెన్సు లేదు. మనవాళ్ల పేర్లన్నీ అటూ ఇటూ తిప్పి పెట్టారు. ఓటరు కార్డు మీద మన ఇంటిపేరు పడ్డట్టు అన్నమాట, మనమేనని తెలుస్తుంది గానీ ఒప్పుకోవడానికి మనసు రాదు.

దిల్‌సుఖ్‌నగర్ ఇంటర్నెట్ కేఫ్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి దాన్ని ఆడిన తరం మాది. కోఠీ ఫుట్‌పాత్ మీద సీడీ దొరికేది. సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటే అడగకుండానే అందులో వేసి ఇచ్చేవాళ్లు. కామెంటరీ రిచీ బెనో, మార్క్ నికోలస్. తర్వాత ఈఏ మళ్లీ ఇలాంటి క్రికెట్ ఆట తేలేదు. అయితే ఏం? కుర్రాళ్లే ప్యాచులు రాసుకున్నారు. పేర్లు సరిచేశారు, జెర్సీలు మార్చారు, ఐపీఎల్ మొదలవగానే ఐపీఎల్ జట్లు దింపారు, ఏటేటా కొత్త కుర్రాళ్లను చేర్చారు. ఒక్క పైసా ఎవరూ ఇవ్వలేదు. కంపెనీ వదిలేసిన ఆటను ఊరివాళ్లు బాగుచేసుకోవడం అంటే కాలనీ వాళ్లు చందాలేసుకుని రోడ్డు గుంతలో మట్టి పోసుకోవడమే. ఇంత గొప్ప పౌరచైతన్యం కలిగించినందుకైనా ఆ కంపెనీకి ఒక శాలువా కప్పాల్సింది.

ఎదురుచూసీ చూసీ ఆ ఖాళీలోకి మెల్‌బోర్న్ నుంచి బిగ్ యాంట్ అనే గేమ్ కంపెనీ వాళ్లు వచ్చారు. 2014లో బ్రాడ్‌మన్ పేరుతో ఒకటి, ఆ తర్వాత 19, 22, 24 అని అంకెలతో. ఫోన్లలో ఆడేవాళ్లకు చెన్నై వాళ్ల 'వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్' ఉంది, మెట్రోలో అమీర్‌పేట దాటేలోపు ఒక ఇన్నింగ్స్ అయిపోతుంది. నాకు బాగా నచ్చింది మాత్రం 'క్రికెట్ 22' కథ. 2021 నవంబరులో రావాల్సిన ఆట. వారం ముందు టిమ్ పెయిన్ ఆస్ట్రేలియా కెప్టెన్సీకి రాజీనామా చేశాడు. అట్ట మీద బొమ్మ ఆయనది. ఆట ఆగింది, అట్ట మార్చారు, డిసెంబరు 2న విడుదల చేశారు. లోపల బంతి స్టంపుల్లోంచి దూరిపోయినా విడుదల ఆగదు, పైన బొమ్మ మారితే ఆగుతుంది. ఏ పెళ్లి అయినా ఇంతే. కూరలో ఉప్పు లేకపోయినా ముహూర్తం దాటదు, పెళ్లికొడుకు మారితే మాత్రం కాస్త ఆలస్యం తప్పదు.

నిజాయితీ మాటకొస్తే జపాన్ గేమ్ కంపెనీ కొనామీ వాళ్లకు దండం పెట్టాలి. 2021 సెప్టెంబరు 30న 'ఈఫుట్‌బాల్ 2022' వదిలారు, ఉచితంగా. ఆటగాళ్ల మొహాలు చూస్తే వాళ్ల కన్నతల్లులే గుర్తుపట్టలేరు. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగట్లో అప్పటికి అన్నిటికంటే దారుణమైన రేటింగు దానికే కట్టారు. మర్నాడే క్షమాపణ. కానీ ఆ వెర్షన్ నంబరు ఎవరైనా చూశారా? 0.9. అంటే ఇంకా ఒకటి కాలేదని వాళ్లే రాసి ఇచ్చారు. ఒకటి కావడానికి మరుసటి ఏడాది ఏప్రిల్ దాకా పట్టింది. మా అన్నయ్య బిల్డర్ బ్రోచరు మీద 0.9 అని వేసి ఉంటే మావాళ్లు పెట్టె సర్దే ముందు కాస్త ఆలోచించేవాళ్లు కదా.

ఏటా అదే ఆట అంకె మార్చి అమ్ముతారన్నది ఇంకో నింద. 1993లో మొదలైన ఈఏ వాళ్ల ఫిఫా ఆట 2022లో 'ఫిఫా 23' దాకా నడిచి, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాకూ ఈఏకూ చెడటంతో మరుసటి ఏడాది 'ఎఫ్‌సీ 24' అయింది. ముప్పై ఏళ్ల పేరు పోతే కొంప మునుగుతుందనుకున్నారు. ఆడేవాళ్లకు తేడానే తెలియలేదు. ఇరానీ హోటల్ బోర్డు మారినా గల్లా దగ్గర అదే మనిషి, అదే చాయ్. ఇక డబ్బు పెట్టి చీటీలు విప్పితే ఏ ఆటగాడొస్తాడో తెలియని కార్డు ప్యాకులున్నాయి చూశారూ, బెల్జియం వాళ్లు 2018లో అలాంటివి జూదం కిందికే వస్తాయన్నారు. మన తెలంగాణలో 2017 నుంచీ పైసలు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటం నేరం. పేకముక్క మీద రాజు బొమ్మ ఉంటే నేరం, మెస్సీ బొమ్మ ఉంటే క్రీడాస్ఫూర్తి. చట్టంలో ఈ స్పష్టత నాకు నచ్చింది.

ఇంతకీ మావాడి గురించి ఒక ముక్క దాచాను. వాడు తిడుతున్న ఆటను టెస్ట్ చేసింది వాడే. కంపెనీ పేరు చెప్పనని సంతకం పెట్టాడు, నాకూ చెప్పలేదు. రాయదుర్గం దగ్గర ఒక అద్దాల మేడ, రాత్రి షిఫ్టు, కాంట్రాక్టు ఉద్యోగం. వీడియో గేములు ఆడితే జీతమిస్తారని చుట్టాల్లో మొదట కుళ్లుకున్నది నేనే.

ప్యాచ్ దిగేలోపు వాడి పని ఏమిటో చెప్పాడు. కార్నర్ జెండా దగ్గరికి ఆటగాణ్ని తీసుకెళ్లి జెండా మీదికి తొయ్యాలి. కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి, వెనక్కి నడిపిస్తూ. అయ్యాక వానలో. తర్వాత రాత్రి మ్యాచులో. తర్వాత మంచులో. నాలుగు జెండాలు, అన్ని స్టేడియాలు. రేపు కొత్త బిల్డ్, అంటే ఆటకు కొత్త కూర్పు, వస్తే మళ్లీ మొదటి నుంచి. గోలు కొట్టిన సందర్భాలు చాలా తక్కువ అన్నాడు.

"ఒకటి దొరికింది బాబాయ్. వానలో తొంభయ్యో నిమిషం దాటాక గోలు పడితే, కొట్టినోడు సంబరానికి జెండా దగ్గరికి పరిగెడతాడు. ఎడమ కాలు మోకాలి దాకా నేలలోకి దిగిపోతుంది. ఎడమ కాలే. పదిసార్లలో మూడుసార్లు వస్తుంది."

మూడు రాత్రులు కూర్చుని అది ఎలా తెప్పించాలో మెట్టుమెట్టుగా రాసి, వీడియో జతచేసి పంపాడు. 'వేరే మెషీన్లో మళ్లీ చూడు' అన్నారు, చూశాడు. 'తర్వాతి బిల్డులో చూద్దాం' అన్నారు. తర్వాతి బిల్డులో రెండు కాళ్లూ దిగాయి. చివరికి 'వోంట్ ఫిక్స్', అంటే బాగుచెయ్యం, అని మూసేశారు. తారీఖు దగ్గర పడింది మరి. ఫుట్‌బాల్ సీజను మొదలయ్యాక ఫుట్‌బాల్ ఆట వస్తే ఎవడికి కావాలి, వినాయక చవితి వెళ్లాక ధూల్‌పేటలో విగ్రహం ఎవడు కొంటాడు?

"తెలిసి తెలిసి నాలుగు వేలు ఎందుకు తగలేశావురా? మీకు ఊరికే ఇవ్వరా?"

"పర్మనెంటోళ్లకు ఇస్తారు." రిమోట్ అటూ ఇటూ తిప్పాడు. "చివర్లో పేర్లు పడతాయి కదా. నాది ఉందేమో చూద్దామని."

ప్యాచ్ దిగింది. పేర్లు పెట్టాడు. ఇరవై నిమిషాలు కిందినుంచి పైకి పోతూనే ఉన్నాయి. లాయర్లవి, అకౌంట్సు వాళ్లవి, స్టేడియంలో చప్పట్లు రికార్డు చేసిన వాళ్లవి, ఆట తయారవుతుండగా పుట్టిన పిల్లలవి కూడా. హైదరాబాద్ అని ఒకచోట వస్తే వాడు ముందుకు జరిగాడు. అది వాడి పేరున్న ఇంకెవరో. ఇంటిపేరు వేరు.

వదిన భోజనానికి పిలిచింది. ఒక్క మ్యాచ్ అన్నాడు. వాన పెట్టుకున్నాడు, రాత్రి పెట్టుకున్నాడు. తొంభై రెండో నిమిషంలో గోలు పడింది. కొట్టినోడు చేతులు బార్లా చాపి జెండా దగ్గరికి పరిగెత్తాడు, ఎడమ కాలు మోకాలి దాకా పచ్చికలో దిగబడింది, అలా ఒంటికాలి మీద నిలబడి స్టేడియం అంతటికీ ముద్దులు విసురుతున్నాడు.

మావాడి మొహం వెలిగిపోయింది. వాళ్లమ్మను కేకేశాడు, చెయ్యి కడుక్కుంటున్న వాళ్ల నాన్నను కేకేశాడు.

"అమ్మా, రా రా, తొందరగా రా! అది నాదే!"