జేబులున్న లెక్కలవారికి ఒక గుమాస్తా లేఖ

లోకంలోని పెద్ద కంపెనీల లెక్కలు తనిఖీ చేసే (అదే, ఆడిట్ చేసే) నాలుగు పెద్ద సంస్థలు, మహారాజశ్రీ బిగ్ ఫోర్ వారి సముఖమునకు, చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే గుమాస్తా నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం గురించి మీ రిపోర్టులే చెబుతుంటాయి, అదీ రంగుల్లో.

మీ వంశవృక్షం చదివాను. ఇంగ్లండులో జనానికి రైలు షేర్ల పిచ్చి పట్టిన రోజుల్లో, 1845లో, డెలాయిట్ గారు లండన్‌లో ఆఫీసు తెరిచారు. 1849లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే లెక్కలు చూసే పని ఆయనకు దక్కింది. వాటాదారుల తరఫున లెక్క చూడటానికి కంపెనీతో సంబంధం లేని మనిషి కావాలి, ఆయన దొరికాడు. అంటే మీ పుట్టుకలో ఏ దోషమూ లేదు. ఆ తర్వాతే ఒకరినొకరు కలిపేసుకోవడం మొదలైంది. ఎనిమిదిమంది పెద్దలు, అంటే ఎనిమిది పెద్ద సంస్థలు, 1989లో ఆరుగురయ్యారు, 1998లో ఐదుగురు, 2002లో నలుగురు. వేర్వేరు సంస్థలు పెట్టిన ఎర్నస్ట్ గారూ యంగ్ గారూ ఇద్దరూ 1948లోనే పోయారు. వాళ్ళ పేర్లకు ముడిపడింది మాత్రం 1989లో. ఇంత ఆలస్యంగా ముహూర్తం పెట్టే పంతులు మా జిల్లాలో లేడు.

ఇప్పుడు మీ దగ్గర ఆడిట్ ఉంది, టాక్స్ ఉంది, అన్నిటికంటే ముద్దుబిడ్డ అడ్వైజరీ, అంటే సలహాలమ్మే పని, ఉంది. ఈ ముద్దుబిడ్డ రుచి మాకూ తెలుసు. మీరు కాదు, మీ బాటలో నడిచే ఒక చిన్న సంస్థ; పేరెందుకు లెండి. మండుటెండలో టై కట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. డిసెంబరు స్టాకు పద్దు మీద వేలు పెట్టి, "అప్పుడు మిషన్లు ఎందుకు ఆపేశారు సార్?" అన్నాడు. "కాయ లేక నాయనా" అన్నాడు మా ఓనరు. తోతాపురి మామిడి మాకు జూన్, జూలైలలో కాయ కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరేంత వస్తుంది, తర్వాత కావాలన్నా దొరకదు. కుర్రాడు అది రాసుకున్నాడు. నెల తిరక్కుండా స్లైడ్ వచ్చింది: ఎర్రటి గుండ్రం, అందులో 'ముడిసరుకు లభ్యతలో సీజనల్ రిస్క్'. కింద బిల్లు. అది చూశాక మా ఓనరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ బిల్లు నేనే వేసినట్టు.

సలహా అమ్ముకోవడం తప్పని నేననను. లెక్క సరిగ్గా ఉందని సంతకం పెట్టే చెయ్యే సలహా అమ్మి డబ్బు పుచ్చుకుంటే ఎట్లా సారూ?

తిరుమల పరకామణికి ఒకసారి రండి. హుండీ సొమ్ము లెక్కపెట్టేవాళ్ళు జేబుల్లేని పంచె, బనీనుతో కూర్చుంటారు. అయినా అక్కడ విదేశీ నోట్లు దాచిన కేసు 2023లో బయటపడింది. జేబే లేనిచోట ఆ సంగతి. మీకు ఆడిట్, టాక్స్, అడ్వైజరీ అని మూడు జేబులున్నాయి, మూడూ లోతైనవే.

మీ ఐదో అన్న, ఆర్థర్ ఆండర్సన్ అనే ఆడిట్ సంస్థనే చూడండి. 1913లో షికాగోలో పుట్టాడు. 2000లో ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ దగ్గర ఆడిట్‌కి 2.5 కోట్ల డాలర్లు, ఇతర సేవలకి 2.7 కోట్లు తీసుకున్నాడు. లెక్క చూసినందుకు కంటే మిగతా పనులకే ఎక్కువ! ఎన్రాన్ కూలే వేళకి కాగితాలు ముక్కలు చేసే మిషన్లు ఓవర్‌టైం చేశాయి. 2002లో కోర్టు దోషి అంది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, కానీ అప్పటికి కొట్టు కట్టేశారు.

మనవాళ్ళ ముచ్చట సత్యం, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు గారు స్వయంగా ఉత్తరం రాస్తే తప్ప, 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు ఉత్తివేనని లోకానికి తెలియలేదు. ఆ లెక్కల మీద ఏటా సంతకం పెట్టింది మీలో ఒకరైన ప్రైస్ వాటర్‌హౌస్. షేర్ మార్కెట్‌ని కాచే సెబీ 2018లో ఆ సంస్థ మీద రెండేళ్ళ నిషేధం వేసింది, 2019లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని తీసేసింది. న్యాయం సంగతి వాళ్ళు చూసుకున్నారు, నాకు గుమాస్తా సందేహం ఒకటే మిగిలింది. బ్యాంకులో డబ్బుందా అని బ్యాంకునే నేరుగా అడగాలని మా దగ్గర బి.కామ్ కుర్రాడికి కూడా తెలుసే! కంపెనీ చేతిమీదుగా వచ్చిన కాగితాన్ని అన్నేళ్ళు ఎట్లా నమ్మారు?

2013 కంపెనీల చట్టం 144వ సెక్షన్ వచ్చాక, ఆడిట్ చేసే కంపెనీకే పుస్తకాలు రాయడం, మేనేజ్‌మెంట్ సేవలు అమ్మడం కుదరదన్నారు. లిస్టెడ్ కంపెనీల్లో పదేళ్ళు దాటితే ఆడిట్ సంస్థ మారాల్సిందే. మంచిదే. అయితే మీరు నలుగురే కదా, ఒకరు దిగిన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఫీజు ఇచ్చేది మాత్రం ఎప్పటిలాగే, లెక్క చూపించే కంపెనీయే.

ఇట్లు,
జీతం తప్ప ఇంకో పద్దు లేని
లెక్కల గుమాస్తా

తా.క.: పెళ్ళికోసం శ్రీవారు కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్నారని మా నమ్మకం. అసలెంత మిగిలిందో ఎవరూ తేల్చలేదు. ఆ ఆడిట్ మీకు దక్కితే, బాకీ ధ్రువీకరణ లేఖ నేరుగా అలకాపురికే పంపండి. జవాబు కూడా కుబేరుడి దగ్గర్నుంచే తెప్పించుకోండి. కొండ మీద ఎవరి చేతికీ ఇవ్వొద్దు, నా చేతికి అసలే ఇవ్వొద్దు.