ఆ చివరి రెండడుగులు

శాటిలైట్ రేడియో గురించి అమెరికాలో ఉన్న మనవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. కొత్త కారు కొంటే కొన్నాళ్లు ఉచితంగా మోగుతుంది. గడువు తీరాక చందా కట్టమని ఉత్తరాలు మొదలవుతాయి. ఆ భాగ్యవంతుల గోడు నాకు పట్టదు. స్టీరియోకి సీడీ మూతి తప్ప వేరే ద్వారం లేని పాత కారు నడుపుతూ, దానికి కూడా అంతరిక్షంతో సంబంధం కలపాలని ఆశపడే అభాగ్యుల తరఫున మాట్లాడుతున్నాను. వాళ్లను ఉద్ధరించడానికే లోకంలో, ఒకదానికొకటి అతకని పరికరాలను కలిపే అడాప్టర్ అనే వస్తువు అవతరించింది.

ముందు ఘనకార్యాన్ని మెచ్చుకుందాం. 2001లో ఎక్స్ఎం అనే కంపెనీ రెండు ఉపగ్రహాలను పైకి పంపి, వాటికి 'రాక్', 'రోల్' అని నామకరణం చేసింది. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున కూర్చుని పాటలు కురిపించడం వాటి ఉద్యోగం. పోటీకి దిగిన సిరియస్ మూడు ఉపగ్రహాలను కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో తిప్పింది, అమెరికా నెత్తిన ఏ వేళా ఆకాశం ఖాళీగా ఉండకూడదని. ఎత్తయిన భవనాల చాటున సిగ్నల్ పోతుందేమోనని నగరాల్లో నేల మీద, సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ప్రసారం చేసే రిపీటర్లు పెట్టారు. వంతెన కింద దూరినప్పుడు పాట తెగకూడదని అదే పాటను కొన్ని సెకన్ల తేడాతో రెండోసారి కూడా పంపారు. 2008లో రెండు కంపెనీలూ ఒకటై సిరియస్ ఎక్స్ఎం అయ్యాయి. ఇంతమంది ఇంజినీర్లు ఇన్నేళ్లు నిద్ర మానుకున్నది దేనికయ్యా అంటే, మీరు పాలు కొనడానికి వెళ్తూ ఒక పాట వినడానికి.

ఆ సిగ్నల్ మీ కారు పైకప్పు మీద అయస్కాంతంతో అతుక్కున్న బుల్లి యాంటెన్నాలో దిగుతుంది. తలుపు రబ్బరు సందులోంచి దూరిన సన్నటి వైరు పట్టుకుని డాష్‌బోర్డు మీది రిసీవర్ పెట్టెలోకి చేరుతుంది. అక్కడికి రెండడుగుల దూరంలో స్టీరియో ఉంది. ఆ రెండడుగులు మాత్రం దాటలేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

దాటించడానికి మహామహులు ఆలోచించి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఆ పెట్టెలోనే ఒక బుల్లి ఎఫ్ఎం స్టేషన్ పెట్టడం. అదే మన అడాప్టర్, ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. ఎఫ్ఎం గరగర భరించలేకే కదా మనిషి చందా కట్టి శాటిలైట్ రేడియో తెచ్చుకున్నది! ఆ మనిషే ఇప్పుడు ఆ శుభ్రమైన డిజిటల్ శబ్దాన్ని సొంత కారులో మళ్లీ ఎఫ్ఎంగా మార్చి, సొంత యాంటెన్నాకి ప్రసారం చేసి, దాన్ని తనే పట్టుకుని వినాలి. ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ వెతుక్కోండి అంటుంది పెట్టెతో వచ్చిన పుస్తకం. న్యూజెర్సీలో ఖాళీ ఎక్కడుంది? 88.3లో నెవార్క్ జాజ్ స్టేషన్ ఎప్పటినుంచో కాపురం ఉంటోంది. పక్కకి జరిగితే కాలేజీ పిల్లల స్టేషన్. ఇంకాస్త జరిగితే, కొండ దిగేటప్పటికి ఎవరో పాదరీగారు మీ పాట మీదుగా ప్రసంగం అందుకుంటారు.

ఇక్కడ హోవార్డ్ స్టెర్న్ గారిని పరిచయం చేయాలి. నోటి దురుసుకు పేరు మోసిన రేడియో మనిషి. ఎఫ్ఎంలో బూతుకు జరిమానాలు పడుతున్నాయని విసిగిపోయి, ఐదేళ్లకు 50 కోట్ల డాలర్ల ఒప్పందంతో 2006 జనవరిలో సిరియస్‌కి తరలిపోయాడు. శాటిలైట్ రేడియోకి ఆ అశ్లీలత నిబంధనలు వర్తించవు. డబ్బు కట్టి కోరుకున్నవాడే వింటాడు, పిల్లాజెల్లా చెవిన పడదు అన్నది లెక్క. లెక్క వేసినవాళ్లు అడాప్టర్‌ని కలుపుకోవడం మరిచారు.

ఆ ఏడాదే ఒక శనివారం పొద్దున్న ఊహించుకోండి. ఎడిసన్ నుంచి బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి ఒక కుటుంబం 287 హైవే మీద బయల్దేరింది. ముందు సీట్లో విజయవాడ నుంచి వచ్చిన మామగారు, వెనక అత్తగారు, ఆవిడ ఒళ్లో పులిహోర గిన్నె. అల్లుడు ఐపాడ్‌కి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తగిలించి 88.1 మీద సుప్రభాతం పెట్టాడు. మామగారు కళ్లు మూసుకున్నారు. ట్రాఫిక్ నెమ్మదించింది. పక్క లేన్‌లోకి ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. దాని డాష్‌బోర్డు మీదా ఒక పెట్టె ఉంది. అదీ 88.1 మీదే ఉంది.

స్వామివారు లేవబోతున్న సమయానికి స్టెర్న్ గారు లేచారు.

"అల్లుడుగారూ, ఎవరండీ ఆయన? ఎవర్ని అలా తిడుతున్నాడు?" అన్నారు అత్తగారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ బూతు ఏ భాషలో ఉన్నా కనిపెట్టగలరు.

"అది... వార్తలండీ అత్తయ్యగారూ."

"వార్తల్లో ఆ అమ్మాయి ఎందుకు నవ్వుతోంది?"

మామగారు కళ్లు తెరవలేదు. తెరిస్తే అర్థమైందని ఒప్పుకోవాల్సి వస్తుంది. అల్లుడు లేన్ మారాలని చూశాడు, చోటు లేదు. వాళ్ల వరుస పది గజాలు కదిలితే శ్లోకం, ట్రక్కు వరుస పది గజాలు కదిలితే శోకం. "పోనీ కట్టేయవయ్యా" అన్నారు మామగారు, కళ్లు మూసుకునే. సుప్రభాతం మధ్యలో ఆపితే అపచారం అన్నారు అత్తగారు. చేసేది లేక అల్లుడు పక్కకి చూశాడు. ట్రక్కులో టోపీ పెట్టుకున్న మనిషి తన స్టీరియోని అరచేత్తో బాదుతున్నాడు. నెలనెలా చందా కట్టి కొనుక్కున్న బూతు మధ్యలో ఎవరో సంస్కృతంలో దేవుణ్ణి మేలుకొలుపుతుంటే అతనికి మాత్రం కడుపు మండదా?

ఆ కారూ ఆ ట్రక్కూ నా కల్పన. స్టెర్న్ పక్క కార్లలోకి చొరబడటం మాత్రం నిజం. డయల్‌లో ఆ 88 చివరే ఉండే పబ్లిక్ రేడియో స్టేషన్లు, మా కార్యక్రమం వింటున్నవాళ్లకు మధ్యలో స్టెర్న్ వినిపిస్తున్నాడని నిజంగానే మొరపెట్టుకున్నాయి. ఎఫ్ఎం నిబంధనలు తప్పించుకోవడానికి అంతరిక్షానికి పారిపోయిన మనిషిని అడాప్టర్ మళ్లీ ఎఫ్ఎంలోకే దించింది, ఉచితంగా. 2006లోనే, రేడియో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ కొన్ని పెట్టెల ట్రాన్స్‌మిటర్లు పరిమితికి మించి ప్రసారం చేస్తున్నాయని తేల్చింది. సిగ్నల్ బలానికి పరిమితి ఎంతంటే మూడు మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు. కంపెనీలు బుద్ధిగా శక్తి తగ్గించాయి. దాంతో పక్క కారు బతికిపోయింది, సొంత కారుకి వినపడటం మానేసింది.

పరిష్కారం? ఎఫ్ఎం ఎక్స్‌టెండర్ యాంటెన్నా. అంటే అడాప్టర్ సిగ్నల్‌ని కారు యాంటెన్నా పక్కదాకా మోసుకెళ్లే ఇంకో వైరు. అదీ పనిచేయకపోతే, కారు యాంటెన్నాకీ స్టీరియోకీ మధ్య దూర్చే డైరెక్ట్ అడాప్టర్. దానికి డాష్‌బోర్డు ఊడదీయాలి. ఊడదీసిన కుర్రాడు తిరిగి బిగించాక చేతిలో రెండు స్క్రూలు మిగిలితే, "అవి లేకపోయినా పర్లేదు సార్" అంటాడు. ఇవన్నీ వద్దు, స్టీరియోనే మార్చేస్తాను అంటారా? శాటిలైట్ రేడియోకి సిద్ధం అని రాసిన స్టీరియోలు బోలెడు. ట్యూనర్ విడిగా కొనాలి, యాంటెన్నా విడిగా కొనాలి, డాష్ కిట్ అనే చట్రం, వైరింగ్ హార్నెస్ అనే వైర్ల కట్ట వేరే.

వీటన్నిటికీ బదులు కావాల్సింది ఒక్క రంధ్రం. హెడ్‌ఫోన్ వైరు గుచ్చే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం. 1979లో వచ్చిన సోనీ వాక్‌మన్‌కి ఉంది. పిల్లల బొమ్మలకి ఉంది. ఇరవై వేల డాలర్లు పోసి కొన్న కారుకి ఏళ్ల తరబడి లేదు! వాళ్లకి చేతకాలేదంటే నేను నమ్మను. కప్పు పెట్టుకోవడానికి ఆరు చోట్ల గుంటలు తొలిచినవాళ్లకి ఒక్క రంధ్రం కష్టమా? అది పెడితే ఇన్ని వైర్లు ఎవడు కొంటాడు, డాష్ ఊడదీయించుకోవడానికి ఎవడు వస్తాడు? ఆ రెండడుగుల ఖాళీ పొరపాటున మిగిలింది కాదు, అదే దుకాణం. చివరికి కార్లన్నిటికీ ఆ రంధ్రం వచ్చిందని సంబరపడేలోపు, 2016లో ఆపిల్ ఐఫోన్‌కి ఉన్న రంధ్రం మూసేసింది. డబ్బాలో ఏం పెట్టి ఇచ్చిందో చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఈ బాధ లేదు, ఎందుకంటే శాటిలైట్ రేడియోనే లేదు. వరల్డ్‌స్పేస్ అని ఒకటి ఉండేది. కిటికీ దగ్గర యాంటెన్నాని ఆకాశం వైపు తిప్పి, ఇంట్లో కూర్చుని వినాలి. ఆ కంపెనీ 2008లో దివాలా తీసింది, 2009 డిసెంబర్ 31న మన దేశంలో గొంతు ఆగిపోయింది. రిసీవర్లు అటకల మీద ఉన్నాయి. వాటికి ఏ అడాప్టరూ రాలేదు.

తగిలించడానికి ఇన్ని వస్తువులు కనిపెట్టారు కదా, వదిలించుకోవడానికి ఏం కనిపెట్టారో చూడండి. న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ 2023 డిసెంబర్‌లో సిరియస్ ఎక్స్ఎం మీద కోర్టుకెక్కారు. చందా రద్దు చేసుకోవడానికి ఫోన్‌లో సగటున 11.5 నిమిషాలు, చాట్‌లో 30 నిమిషాలు పడుతోందని ఆరోపణ. 2024 నవంబర్‌లో కోర్టు, ఇలా రద్దును కష్టతరం చేయడం ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించడమే అంది. అరగంట! చేరడానికి ఒక్క బటన్ నొక్కితే చాలు, బయటపడటానికి మాత్రం 'వద్దు' అని వరసగా చెబుతూనే ఉండాల్సి వచ్చేది. అవతల ఉన్న కుర్రాడిది తప్పు కాదు, వాడి జీతం మీ విసుగు మీద ఆధారపడి ఉంది. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చిన ట్యాక్సీ డ్రైవరు, ఇంగ్లీషులో గట్టిగా వాదించలేని పెద్దాయన, ఏ నిమిషం దగ్గర అలసిపోయి 'సర్లే, ఉండనీ' అంటారో కనిపెట్టి కూర్చోవడం సిగ్గులేని దోపిడీ. ఉపగ్రహం కక్ష్యని సెకను తేడా లేకుండా లెక్కగట్టగలిగినవాళ్లకి 'రద్దు' అనే బటన్ పెట్టడం రాలేదంటే ఎవడు నమ్ముతాడు!

అన్నట్టు, చందా బిల్లులో సంగీతం రాయల్టీ ఫీజు అని ఒక పద్దు విడిగా ఉంటుంది, పాటలు వినిపించినందుకు. రద్దు కోసం ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్నంతసేపూ చెవిలో ఏదో వాద్యం మోగిస్తారు చూడండి, అది విన్నందుకు మాకెంత ఇస్తారు?